చనిపోయినవాళ్ళూ, మధ్యమ పురుషా

మిషనరీల గురించి తెలుగులో ఏది చదవబోయినా, రచయిత ఏ గట్టు మీద నిలబడ్డాడో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఒక గట్టు మీద వాళ్ళు బడులూ ఆసుపత్రులూ కట్టిన పుణ్యమూర్తులు. రెండో గట్టు మీద బియ్యం బస్తా చూపించి మతం మార్చే మాయగాళ్ళు. మధ్యన ఏరు పారుతూనే ఉంటుంది. అందులో దిగినవాళ్ళు ఎందుకు దిగారు, తడిసి ఒడ్డుకొచ్చాక వాళ్ళకేమైంది అని అడిగే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

ఆ తీరిక చేసుకుని, దానికోసం నలభై ఏళ్ళు ఖర్చుపెట్టిన మనిషి పియర్స్ విటెబ్స్కీ. కేంబ్రిడ్జిలో మానవశాస్త్రం చెప్పిన బ్రిటిష్ పండితుడు. 1970ల నడుమ సవర కొండలకి వెళ్ళాడు, వాళ్ళ భాష నేర్చుకున్నాడు, వాళ్ళ ఇళ్ళలో ఉన్నాడు. 1993లో ‘డైలాగ్స్ విత్ ది డెడ్’ అన్న పుస్తకం వేశాడు. చనిపోయినవాళ్ళతో సంభాషణలు అని అర్థం. ఆ తర్వాత అతను వెళ్ళిన ప్రతిసారీ ఆ సంభాషణలు తగ్గుతూ వచ్చాయి. పాతవాళ్ళ పిల్లలు బాప్టిస్టులయ్యారు. 2017లో షికాగో విశ్వవిద్యాలయం ముద్రణగా వచ్చిన రెండో పుస్తకం పేరు ‘లివింగ్ వితౌట్ ది డెడ్’. చనిపోయినవాళ్ళు లేకుండా బతకడం. ఈ రెండు పేర్ల మధ్య జరిగిన కథే నేనిక్కడ మాట్లాడదలుచుకున్నది.

సవరలు మనకి కొత్తవాళ్ళు కారు. మాది పాలకొండ వైపు. సీతంపేట సంతలో చింతపండు, కొండచీపుళ్ళు, పసుపు అమ్ముకుని ఉప్పూ బట్టా కొనుక్కుపోయే సవరల్ని చూస్తూనే పెరిగాను. తమని తాము ‘సొర’ అని చెప్పుకుంటారు. వాళ్ళ భాష తెలుగుకీ ఒడియాకీ చుట్టం కాదు, ముండా భాషల కుటుంబానిది. 2011 జనాభా లెక్కల్లో అది తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు సుమారు 4 లక్షలు. ఒకప్పుడంతా ఒకటే మద్రాసు రాజధాని. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయాక కొండల మీద ఒక సరిహద్దు గీత పడింది. ఇప్పుడు అటువైపు గజపతి జిల్లా, ఇటువైపు శ్రీకాకుళం, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా.

ముందు, ఆ సంభాషణ అంటే ఏమిటో చెప్పాలి. సవర ఇంట్లో మనిషి పోతే కాల్చేస్తారు. కానీ ఆ మనిషితో లావాదేవీ అక్కడితో తెగదు. పూనకం వచ్చే స్త్రీ ఒకామె కాళ్ళు చాపుకుని కూర్చుని, దీపం పెట్టి, పాట పాడుతూ పాతాళానికి దిగుతుంది. షామన్ అంటారు ఇంగ్లీషులో. మన గణాచారి కొంత దగ్గరగా వస్తుందేమో. ఆమెకి ఆ లోకంలో ఇంకో భర్త ఉంటాడు, అతనే ఆమెకి దారి చూపిస్తాడు. ఆమె దిగిపోయాక చనిపోయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆమె నోటితో మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళు చుట్టూ చేరి వాళ్ళతో గంటల తరబడి మాట్లాడతారు. ఏడుస్తారు, దెబ్బలాడతారు, ఎగతాళి చేస్తారు, బాకీల లెక్క అడుగుతారు. మందు ఎందుకు తేలేదని తల్లి అడిగితే, తెచ్చేసరికి నువ్వే వెళ్ళిపోయావని కొడుకు సంజాయిషీ చెప్పుకుంటాడు. అలాంటి మాటలు.

కొత్తగా పోయినవాళ్ళు ప్రమాదకారులు. తాము ఏ జబ్బుతో పోయారో ఆ జబ్బునే బతికున్నవాళ్ళకి అంటిస్తారు. సవర భాషలో ‘సోనుమ్’ అన్న మాటకి చనిపోయిన మనిషి, ఆ మనిషి జ్ఞాపకం, ఆ జ్ఞాపకం పెట్టే బాధ అన్నీ అర్థాలే. సంవత్సరాల తరబడి మాట్లాడగా మాట్లాడగా, రాయి పాతి, దున్నపోతుని కోసి, పంచిపెట్టగా పెట్టగా ఆ కోపం మెల్లగా చల్లారుతుంది. పోయిన మనిషి ఇంటి పెద్దగా మారి, పుట్టిన బిడ్డకి తన పేరు ఇస్తాడు. చిట్టచివరికి పాతాళంలో కూడా చనిపోయి సీతాకోకచిలుక అయిపోతాడు. ఇక అప్పుడు మాటలుండవు. మాట్లాడాల్సింది కూడా మిగలదు.

ఇదంతా అడవి మనుషుల వింత అనుకునేవాళ్ళు ఒక్కసారి మన పదో రోజు గుర్తుచేసుకుంటే చాలు. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూడ్డం మనకి తెలియనిదా? మా నాన్న పోయినప్పుడు నేను ఇక్కడ సౌదీలోనే ఉన్నాను. ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చి, విమానం దొరికి, విశాఖపట్నంలో దిగి ఇంటికి చేరేసరికి దహనం అయిపోయింది. పదో రోజు నాగావళి ఒడ్డున కాకి ఎంతకీ రాలేదు. మా చిన్నాన్న పిండం వైపు తిరిగి గట్టిగా అన్నాడు: “అన్నియా, పెద్దోడు అరబ్బు నుంచి వచ్చీసినాడు. ఇదిగో, నీ ఎదరే ఉన్నాడు. ఇంకేటి బెంగ నీకు?” కాసేపాగి, “సెల్లి పెళ్ళి మేం సేస్తాం, సెప్పు, ఇంకేటి?” అని అడిగాడు. కాకి వచ్చిందా లేదా అన్నది ఇక్కడ అవసరం లేదు. మా చిన్నాన్న వాడినది మధ్యమ పురుష అన్నది నాకు ముఖ్యం. నువ్వు, నీకు. పోయిన మనిషి ఇంకా ఎదటి మనిషే. మన దగ్గర అది పది రోజుల్లో ముగుస్తుంది, తర్వాత ఆ మనిషి ‘వారు’ అయిపోతారు. సవరల దగ్గర పదేళ్ళు సాగేది.

ఈ ‘నువ్వు’ పోయి ‘అతను’ రావడమే నా దృష్టిలో ఈ పుస్తకం చెప్పే మతమార్పిడి కథ. క్రైస్తవుడైన సవరకి చనిపోయిన తండ్రి ఏసు దగ్గర ఉన్నాడు. బాగున్నాడు. అతని గురించి దేవుడికి ప్రార్థన చెయ్యొచ్చు, పాట పాడొచ్చు. అతనితో మాట్లాడకూడదు. మాట్లాడితే సైతానుతో మాట్లాడినట్టు. విటెబ్స్కీ ఒక అధ్యాయానికి పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే, క్రైస్తవులు మూగగా చనిపోతారు.

ఆ మతం ఆ కొండలకి ఎలా చేరిందో చూస్తే దారి మన ఊళ్ళమీదుగానే పోతుంది. కెనడా బాప్టిస్టు మిషన్ మొదలైంది కాకినాడలో. మొదలుపెట్టినవాడు థామస్ గేబ్రియల్ అనే తెలుగువాడు, టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగి. అతను నడిపించలేక కెనడావాళ్ళని అడిగితే 1874లో జాన్ మెక్లారిన్ వచ్చి అందుకున్నాడు. కాకినాడలో మెక్లారిన్ హైస్కూలు తెలియనిదెవరికి? ఆ మిషనే ఉత్తరాన శ్రీకాకుళం, పర్లాకిమిడి మీదుగా సవర కొండల్లోని సెరంగో దాకా పాకి అక్కడ ఆసుపత్రి పెట్టింది. కానీ కెనడా దొరసానులు ఎంత కష్టపడినా వాళ్ళున్న రోజుల్లో మారినవాళ్ళు కొద్దిమందే. ఊళ్ళకి ఊళ్ళు మారింది తర్వాత, చదువుకున్న సవర కుర్రాళ్ళు పాస్టర్లయ్యాక. తెల్లవాళ్ళు మార్చారు అనే మాట రెండు గట్ల మీదా వినిపిస్తుంది. ఈ పుస్తకం చూపించిన కొండల మీద ఆ మాట నిలవదు.

మిషనరీల కన్నా ముందు, వాళ్ళతో పాటు, ఆ కొండలవైపు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. మొదట చెప్పుకోవలసింది గిడుగు రామమూర్తి పంతులుగారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరి, ఎవరూ చెప్పమనకుండానే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పాఠాలు రాసి సవర పిల్లలకి బళ్ళు పెట్టించారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చువేసింది, తర్వాత నిఘంటువులు వచ్చాయి. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన యుద్ధం మనకి పాఠ్యపుస్తకాల్లో ఉంది. సవరల కోసం చేసిన పని ఒక వాక్యంలో సరిపెడతారు. నాకు మాత్రం ఈ రెండూ ఒకటే పని అనిపిస్తుంది. నోట ఉన్న మాటే కాగితం మీదా ఉండాలి అన్న పట్టుదల.

రెండోవాడు వెరియర్ ఎల్విన్. 1927లో క్రైస్తవ సేవకుడిగానే ఇండియాకి వచ్చి, తర్వాత చర్చిని వదిలేసి, గిరిజనుల మధ్య మిషనరీలు పనిచెయ్యకూడదని వాదించినవాడు. 1955లో వచ్చిన ఆయన ‘ది రెలిజియన్ ఆఫ్ ఏన్ ఇండియన్ ట్రైబ్’ సవరల మతం మీద పెద్ద గ్రంథం. గోడల మీది బొమ్మల నించి చావు కర్మల దాకా అందులో లేనిది లేదు. ఎల్విన్‌కి ఆ మతం అంటే ఎంత ఇష్టమంటే, అది మారిపోవడం అంటే చెడిపోవడమే అన్నట్టు రాశాడు. గిరిజనుల్ని అద్దాల గదిలో పెట్టమంటున్నాడని ఆయన మీద ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది.

విటెబ్స్కీ ఎల్విన్ లాంటి తప్పు చెయ్యలేదు. ఈ పుస్తకం బలమంతా అక్కడుంది. పాత మతాన్ని ప్రేమిస్తూనే, దాన్ని వదిలేసినవాళ్ళ కారణాల్ని అతను నిజాయితీగా రాశాడు. పాతాళంలో షామన్‌కి దారి చూపించే భర్త సవరవాడు కాదు, కింది దేశపు పెద్దకులంవాడు. అక్కడ రాజులున్నారు, రాతకోతల గుమస్తాలున్నారు. చిరుతపులి బలమూ పోలీసుల బలమూ ఆ లోకంలో ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. అంటే కొండ దిగితే సవరని భయపెట్టేవాళ్ళందరూ పాతాళంలో కూడా కాపురం పెట్టారన్నమాట. ఒక్క షామన్‌కి మాత్రం అక్కడ మర్యాద, ఆ ముద్దరాలికి అక్కడ చదవడం రాయడం వచ్చు. బయట ఆమె వేలిముద్ర మనిషి.

దీనికి తోడు దున్నపోతులు. ఒక్కో చావుకి ఎన్ని కొయ్యాలో లెక్క ఉంది. కొనడానికి అప్పు, అప్పుకి వడ్డీ, వడ్డీకి పంట. కొండమీద మాట కింది కచేరీకి చేర్చడానికి మధ్యవర్తి, పన్ను వసూలు చేసే పెద్ద, మామూలు అడిగే అడవి గార్డు. చదువుకున్న కుర్రాడికి ఈ గొలుసంతా ఒకటే గొలుసుగా కనిపించింది. చర్చికి వెళితే అక్షరాలొస్తాయి. అక్షరాలొస్తే దరఖాస్తు తనే రాసుకోవచ్చు. దున్నపోతు కొయ్యక్కర్లేదంటే అప్పు చెయ్యక్కర్లేదు. చనిపోయినవాళ్ళ భయం లేకపోతే జబ్బు చేసినప్పుడు ఆసుపత్రికి పోవచ్చు. ఇన్ని లాభాలకి చెల్లించిన ధర ఒక్కటే, తాతతో మాట్లాడ్డం మానెయ్యడం. బియ్యం బస్తా కోసం మారారనేవాళ్ళు ఈ అధ్యాయాలు చదవాలి. వాళ్ళు మారింది లెక్క వేసుకుని. ఆ లెక్క వాళ్ళదే.

ఇక నా ఫిర్యాదులు. మొదటిది, ఈ పుస్తకంలో దుఃఖం ఎవరిది అన్న ప్రశ్న. పాత సంభాషణలు పోయాయని బాధపడుతున్న గొంతు ఎక్కువగా రచయితదే. సవర క్రైస్తవులు అతనికి ముక్తసరిగా జవాబు చెబుతారు, పాటలు పాడతారు, కొంతమంది పాత టేపులు విని చలిస్తారు. వాళ్ళ మౌనాన్ని అతను లోటుగా చదివాడు. చివరికి అడవుల్లో జీవజాతులు అంతరించిపోతున్నట్టే లోకంలో దేవుళ్ళ వైవిధ్యం కూడా అంతరించిపోతోంది అన్న పోలికకి వచ్చాడు. పోలిక పైకి బాగానే ఉంది. కానీ పులి తను పులిగా ఉండడం మానెయ్యాలని తీర్మానించుకోదు. మనిషి తీర్మానించుకుంటాడు. మా కంపెనీ కోడ్‌లో ముప్పై ఏళ్ళనాటి ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటితో రోజూ తంటాలు పడేవాడు మాత్రం అవి పోతేనే బాగుండనుకుంటాడు. చూసేవాడి ముచ్చటా వాడేవాడి అవస్థా వేరువేరు.

రెండోది, మౌనం అంటే ఏమిటన్నది. ఈ విషయంలో నేనున్న చోటు నాకు కొంత నేర్పింది. అల్ ఖర్జ్ రియాద్‌కి ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరం. ఖర్జూర తోటలు, ఎడారి మధ్యలో వేలాది ఆవులున్న డెయిరీలు. ఒకప్పుడు ఈ ఊరికి నీళ్ళిచ్చిన పెద్ద ఊటలు, బోర్లు వేసి తోడగా తోడగా ఎండిపోయి గోతులుగా మిగిలాయి. ఆ ఊటల దగ్గర గుట్టల మీద పురాతన కాలపు రాతిగుట్టల సమాధులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇస్లాంకి ఎంతో ముందువి. ఎవరో మనుషులు, తమ మనుషుల కోసం, ఎండలో మోసుకొచ్చి పేర్చిన రాళ్ళు. సవరలు పాతే రాళ్ళలాగే అవి కూడా ఎవరికో ‘నువ్వు’ అని చెప్పడానికి పెట్టినవే అయ్యుండాలి. ఈనాడు ఈ దేశంలో సంప్రదాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. గోరీ మీద కట్టడం ఉండకూడదు, పేరు ఉండకూడదు. 2005లో ఫహద్ రాజునీ, 2015లో అబ్దుల్లా రాజునీ రియాద్‌లోని అల్ ఊద్ శ్మశానంలో పేరులేని మట్టి సమాధుల్లోనే పాతిపెట్టారు.

వచ్చిన కొత్తలో ఇది నాకు కర్కశంగా అనిపించేది. తర్వాత గమనించాను. నాతో పనిచేసే సౌదీ అతను పోయిన తండ్రి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, మీటింగులో ఉన్నా సరే, ఒక్క క్షణం ఆగి ‘అల్లా అతన్ని కరుణించుగాక’ అనుకుని గానీ ముందుకి పోడు. మాటలో తండ్రి ప్రథమ పురుషలో ఉన్నాడు, దేవుడు కూడా ప్రథమ పురుషలోనే ఉన్నాడు. కానీ ఆ ఆగడంలో తండ్రి ఉన్నాడు. పైనుంచి చూసేవాడికి అది మౌనం. సవర క్రైస్తవుల మౌనంలో కూడా ఇలాంటిదేదో ఉండి ఉంటుందనీ, సంభాషణలు రికార్డు చేసుకోవడానికి అలవాటుపడిన చెవికి అది అందలేదనీ నా అనుమానం.

మూడో ఫిర్యాదు కాలం గురించి. మతం మారిన మొదటి తరం ఎప్పుడూ కఠినంగానే ఉంటుంది. వదిలేసినదాని నీడ కూడా పడనివ్వదు. కానీ మన తెలుగు క్రైస్తవుల్ని చూడండి. ఒంగోలు ప్రాంతంలో 1878 కరువు వెనకాల వేలాదిమంది మాదిగలు బాప్టిస్టులయ్యారు. ఆ ఏడాది జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మిషన్ లెక్క. ఆ రోజుల్లో వాళ్ళు కూడా పెద్దలకి పెట్టడం మానేసిన వాళ్ళే, డప్పు వదిలిన వాళ్ళే. ఇప్పుడు కోస్తా జిల్లాల్లో సమాధుల పండుగ నాడు వెళ్ళి చూస్తే, సమాధులకి సున్నాలు వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, మనవల్ని తీసుకొచ్చి చూపిస్తారు. ముసలమ్మ సమాధి రాయి మీద చెయ్యి వేసి ‘ఏమయ్యా, చూశావా నీ మనవడు ఎంత ఎత్తు పెరిగాడో’ అంటుంది. ఏ పాస్టరూ ఆమెని ఆపడు. మధ్యమ పురుష తిరిగొచ్చింది, నాలుగైదు తరాలకి.

పాట సంగతీ అంతే. మన క్రైస్తవ కీర్తనలకి రాగం, తాళం కట్టిన పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టింది ఆ పర్లాకిమిడి సీమలోనే. ఆయన కీర్తనలు రాసి ఉండకపోతే మన చర్చిల్లో ఈనాటికీ ఇంగ్లీషు మెట్లకి తెలుగు మాటలు అతికించుకుంటూ ఉండేవాళ్ళమేమో. కొత్త దేవుడికి పాత గొంతు దొరకడానికి సమయం పడుతుంది. ఊళ్ళకి ఊళ్ళు మారి కొన్ని దశాబ్దాలే అయిన సవర కొండల మీద విటెబ్స్కీ తీర్పు రాయడానికి కొంచెం తొందరపడ్డాడనిపిస్తుంది.

నాలుగోది మనకి సంబంధించిన ఫిర్యాదు. అతని పుస్తకం గీతకి అటువైపే ఎక్కువగా నడుస్తుంది. ఇటువైపు అదే సవరలకి అదే అప్పు, అదే వడ్డీ, అదే అడవి గార్డు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళు వేరు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం, ఇద్దరూ బడిపంతుళ్ళే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపాక అది సాయుధ పోరాటమైంది. 1970 జులై 10న సత్యం, కైలాసం ఇద్దరినీ పోలీసులు చంపేశారు. కొండకి ఒక పక్క బైబిలు, ఒక పక్క ఎర్రజెండా. చెప్పిన మాటలు మాత్రం చాలావరకు ఒకటే: అక్షరాలు నేర్చుకో, షావుకారుకి భయపడకు, నీ కూలి నువ్వు అడుగు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మతం మారడంలో మతం ఎంత, మిగిలినదెంత అన్న ప్రశ్నకి ఇంకా మంచి జవాబు దొరికేది. ఆ పుస్తకం తెలుగువాళ్ళు రాయాలి. ఎందుకంటే అందులో షావుకార్లు చాలామంది మనవాళ్ళే.

అతను చాలా బాగా రాసిన ఇంకో సంగతి వదిలేస్తే అన్యాయం. చర్చి పక్కనే మూడో దారి ఒకటి ఉంది. 1936లో మంగై గొమాంగో అనే సవర పండితుడు తన భాషకి సొంత లిపి తయారుచేశాడు. సొర సొంపెంగ్ అంటారు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికీ ఒక్కో దేవత. ఆ అక్షరాల్నే గుడిలో పెట్టి పూజించేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. ఒక్క భాషని మిషనరీలు రోమన్ లిపిలో, ఒడిశా బళ్ళు ఒడియాలో, మన బళ్ళు తెలుగులో, వీళ్ళు సొంత లిపిలో రాస్తారు. 2012లో యూనికోడ్ 6.1 కూర్పులో ఆ లిపికి చోటు దొరికింది. నా వృత్తిలో యూనికోడ్ పట్టిక అంటే విసుగు పుట్టించే వస్తువు. ఆ పేజీ తెరిచి చూసినప్పుడు మాత్రం విసుగు పుట్టలేదు. ఎప్పుడూ ఎవరో రాసిపెడితే వేలిముద్ర వేసినవాళ్ళు అక్షరాన్ని దేవుడిని చేసుకున్నారంటే అందులో ఆశ్చర్యమేముంది? చర్చికి వెళ్ళిన కుర్రాడూ, అక్షరబ్రహ్మకి మొక్కిన కుర్రాడూ వెతుక్కున్నది ఒకటే వస్తువని విటెబ్స్కీ చక్కగా చూపించాడు.

ఇదంతా పండితుల ముచ్చటగా మిగిలిపోయేదైతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. 2011 లెక్కల ప్రకారం గజపతి జిల్లాలో సుమారు 38 శాతం క్రైస్తవులు. దానికి పొరుగునే ఉన్న కంధమాల్ జిల్లాలో 2007 డిసెంబరులో, మళ్ళీ 2008 ఆగస్టులో క్రైస్తవుల ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. మతం మారిన గిరిజనుల్ని షెడ్యూల్డు తెగల జాబితా నుంచి తీసెయ్యాలన్న డిమాండు ఇప్పుడు ఊరూరా తిరుగుతోంది. దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం హోదా పోతుంది. గిరిజనుడికి మాత్రం మతంతో ఆ ముడి చట్టంలో లేదు. ఆ ముడి వెయ్యాలంటారు వీళ్ళు. వాళ్ళ వాదన ఒకటే: పాత దేవుళ్ళని వదిలినవాడు గిరిజనుడెలా అవుతాడు? ‘పోయినదాని’ గురించి ఇంత అందంగా రాసిన పుస్తకం అలాంటి చేతుల్లో పడితే సాక్ష్యంగా పనికొస్తుంది. రచయిత ఉద్దేశం అది కాదు, కారణాలన్నీ అందులోనే ఉన్నాయి. అయినా అధ్యాయాల పేర్లు మాత్రమే చదివి ప్రసంగాలు చేసేవాళ్ళకి కొదవ లేదు కాబట్టి చెబుతున్నాను.

తాతతో మాట్లాడ్డం మానేసినవాడు మనవడు కాకుండా పోతాడా? అలాగైతే మనలో మిగిలేదెవరు? నీళ్ళ కోసం, జీతం కోసం, పిల్లల చదువు కోసం లెక్క వేసుకుని, పెద్దల్ని వదిలేసి వచ్చినవాళ్ళం మనమూ. తద్దినాలు ఫోన్లో పెట్టించుకుంటున్నాం. నాన్న గొంతు పాత ఫోన్లో వాయిస్ మెసేజీగా ఉంది, దానికి జవాబు పంపే వీల్లేదు. ఇలా చేశామని మనల్ని ఎవరూ తెలుగువాళ్ళ జాబితాలోంచి తీసెయ్యమనడం లేదు. ఆ మర్యాద సవరకి కూడా దక్కాలి.

ఇన్ని ఫిర్యాదులున్నా ఈ పుస్తకం తెలుగులోకి రావాలని నా కోరిక. పాత సంభాషణలు అంత జాగ్రత్తగా విని, భాష తెలిసి, మాటకి మాట అందించినవాళ్ళు గిడుగు తర్వాత ఎందరున్నారు? అనువాదం చేసేవాళ్ళు ఒక్క పని చెయ్యాలి. ఆ సంభాషణల భాగాల్ని శ్రీకాకుళం మాటలో దించాలి, పుస్తకాల తెలుగులో కాదు. పోయిన తల్లి కొడుకుతో దెబ్బలాడేటప్పుడు గ్రాంథికం మాట్లాడదని చెప్పడానికి గిడుగువారు ఒక జీవితం ఖర్చుపెట్టారు. ఆ పని చెయ్యడానికి సీతంపేట, భామిని, కొత్తూరు బళ్ళలో చదువుకున్న సవర పిల్లల కన్నా తగినవాళ్ళు లేరు. వాళ్ళలో క్రైస్తవులూ ఉంటారు. తాతలు ఏం మాట్లాడుకున్నారో వాళ్ళు తెలుగులో రాస్తుంటే, అప్పుడు ‘నువ్వు’ అంటారో ‘అతను’ అంటారో వాళ్ళనే తేల్చుకోనివ్వాలి.